మా బావగారి స్టాటిస్టిక్స్ పుస్తకం

మొన్న సాయంత్రం మా మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, కాలేజీ నుంచి వస్తూనే సంచీ ఒక మూలకు విసిరి, ఇటుకరాయంత పుస్తకం ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అది పోచారం దాటాక ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతోంది. ఆ పుస్తకం వాళ్ల డిపార్ట్‌మెంట్ హెడ్డు స్వయంగా రాసిందట. లోపలి అట్ట మీద వెండిరంగు పూత గీకితే ఒక నంబరు బయటపడుతుందట, ఆ నంబరు ఫోనులో కొడితేనే అసైన్‌మెంట్లు తెరుచుకుంటాయట, ఒకరు కొట్టిన నంబరు ఇంకొకరికి పనికిరాదట, అందుకని సీనియర్ల దగ్గర పాత పుస్తకం అడిగి తెచ్చుకుందామన్నా కుదరదట. ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పేసి, నువ్వూ లెక్చరర్‌వే కదా అమ్మమ్మా, ఇది న్యాయమేనా అని అడిగింది. నేను కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ కూర్చున్నాను. కళ్లజోడు శుభ్రంగానే ఉంది.

నా ఈడు వాళ్లకు, అందులోనూ ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో సుద్దముక్కలు అరగదీసిన వాళ్లకు, ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. పుస్తకం రాసేది ఆయనే, పాఠం చెప్పేది ఆయనే, పేపరు సెట్ చేసేది ఆయనే, మార్కులు వేసేది ఆయనే అయితే కొనక ఎక్కడికి పోతారు పిల్లలు? కంచే చేను మేసిందని అనడం తేలిక. కంచె మన ఇంటిదైనప్పుడు మాత్రం ఆ మాట గొంతులోనే ఆగిపోతుంది. నా విషయంలో ఆ కంచె మా బావ, మా అక్క పెనిమిటి, నన్ను చదివించి నౌకరీలో పెట్టిన మనిషి.

మాది జనగామ వైపు పల్లె. మా నాన్న పోయేనాటికి నేను ఇంటర్ కూడా పూర్తి చేయలేదు. అక్కకు అప్పటికే పెళ్లయి ఉప్పల్‌లో కాపురముంటోంది. సమాధి మట్టి ఆరకముందే బావ వచ్చి, మా అమ్మతో రెండు ముక్కలు మాట్లాడి, నా పెట్టె తీసి బస్సు మీద వేయించాడు. ఆ ఇంట్లోనే ఉండి డిగ్రీ చదివాను, ఆ ఇంట్లోనే ఉండి ఎమ్మెస్సీ చేశాను. త్రికోణమితి దగ్గర నుంచి క్యాల్కులస్ దాకా ఏ సందేహమైనా వంటింటి గడప మీద కూర్చునే బావను అడిగేదాన్ని. ఆయనకు ఓపిక తక్కువ, కోపం ఎక్కువ, అయినా అర్థమయ్యేదాకా వదిలేవాడు కాదు. ఉప్పల్ కూడలి అప్పుడు ఇట్లా ఉండేది కాదు. మెట్రో స్తంభాలు లేవు, స్టేడియం లేదు, మ్యాచ్ ఉందంటే ఇల్లు కదలకుండా కూర్చోవాల్సిన బాధా లేదు. వరంగల్ బస్సు కోసం నిలబడితే మేడిపల్లి వైపు నుంచి పొలాల గాలి వచ్చేది. ఇప్పుడు ఈ మాట చెబితే మా మనవరాలు నేను కథలల్లుతున్నాననుకుంటుంది.

బావ స్టాటిస్టిక్స్ హెడ్డుగా ఉన్న కాలేజీలోనే నాకు ఉద్యోగం వచ్చింది. వచ్చింది అనడం మర్యాద కోసం, ఇప్పించాడు అనాలి. కాలేజీ గేటు దాటితే ఆయన నాకు సార్, గేటు బయట బావ. ఈ రెంటినీ కలపకూడదని మొదటి రోజే ఖండితంగా చెప్పాడు. చెప్పడమే కాదు, నేను చేరిన కొత్తలో నా క్లాసు బయట నిలబడి విని, స్టాఫ్ రూములో అందరి ముందే, నువ్వు బోర్డుతో మాట్లాడుతున్నావు, పిల్లలతో మాట్లాడడం లేదు అని కడిగేశాడు. ఆ రోజు ఏడ్చాను. కానీ మరునాటి నుంచి బోర్డు వైపు తిరిగి మాట్లాడలేదు.

ఆయన పుస్తకం పుట్టిన తీరు చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినదాన్నవుతాను. మా కాలేజీకి వచ్చేవాళ్లలో సగానికి పైగా ఘట్‌కేసర్ వైపు నుంచి, భువనగిరి వైపు నుంచి తెలుగు మీడియం చదివి వచ్చిన పిల్లలు. దొరికే పుస్తకాలేమో నోరు తిరగని ఇంగ్లీషులో ఉండేవి. ఆ పిల్లల కోసం బావ రోజూ సాయంత్రం కూర్చుని సొంతంగా పాఠాలు రాసి, స్టెన్సిల్ కోయించి, సైక్లోస్టైల్ కాగితాలు పంచేవాడు. విచలనం అంటే ఏమిటో అందులో ఆయన చెప్పిన తీరు నాకిప్పటికీ కంఠతా ఉంది. నాచారం నుంచి ఉప్పల్‌కు రెండు బస్సులున్నాయనుకోండి, రెండూ సగటున అరగంటకొకటి వస్తాయి, ఒకటేమో ఎప్పుడూ అరగంటకే వస్తుంది, ఇంకొకటి ఒకసారి ఐదు నిమిషాలకే వచ్చి ఒకసారి గంటైనా రాదు, సగటు రెండింటికీ ఒకటే, కానీ పరీక్ష రోజు మీరు ఏ బస్సును నమ్ముకుంటారు? ఆ నమ్మకానికి లెక్క కట్టడమే విచలనం. ఇట్లా రాశాడు. తర్వాత నేను ఎన్ని పుస్తకాలు తిరగేశానో, ఇంత సులువుగా చెప్పినవాళ్లు నాకు కనపడలేదు.

ఆ కాగితాలు చూసి కోఠి నుంచి ఒక పబ్లిషరు వచ్చాడు. కాగితాలు పుస్తకమయ్యాయి. పుస్తకం మా కాలేజీలో పాఠ్యపుస్తకమైంది. అక్కడితో ఆగితే ఎవరికీ ఏ బాధా లేకపోయేది. కానీ మన కాలేజీల్లో ఒక ఆచారం ఉండేది, మీకూ గుర్తుండే ఉంటుంది, ఏడాది చివర సీనియర్లు తమ పుస్తకాలు జూనియర్లకు ఇచ్చి వెళ్లేవాళ్లు. చర్చిలో పరిచయమైనవాళ్లకో, ఒకే బస్సులో వచ్చేవాళ్లకో, మేనత్త కొడుక్కో, ఒక పుస్తకం నలుగురైదుగురి చేతులు మారేది. పబ్లిషరుకు అది గిట్టలేదు. ఏటా కొత్త ముద్రణ వేద్దామన్నాడు. ఏటా అట్ట రంగు మార్చారు, ఒక ఏడు ఆకుపచ్చ, ఒక ఏడు ఎరుపు, ఎవరి దగ్గర కొత్తది ఉందో ఎవరి దగ్గర లేదో బావకు వేదిక మీది నుంచే తెలిసిపోయేట్టు. పిల్లలు తక్కువ వాళ్లా, పాత పుస్తకాలకు క్యాలెండరు కాగితాలతో అట్టలు వేసుకున్నారు. దాంతో అట్టలు వేయకూడదని రూలు వచ్చింది. పుస్తకానికి అట్ట వేసుకోవద్దని చెప్పిన కాలేజీ భూప్రపంచంలో మాదొక్కటే అయి ఉంటుంది.

ఆ రోజుల్లోనే ఉప్పల్‌లో బావ ఇంటిమీద ఇంకో అంతస్తు లేచింది. పిల్లలు దానికి పుస్తకం మేడ అని పేరు పెట్టారు. నిజానికి అది అక్క వాళ్ల పొలం అమ్మితే కట్టింది, పుస్తకం మీద వచ్చింది కిటికీలకు కూడా చాలి ఉండదు. కానీ ఆ మాట ఎవరు నమ్ముతారు? నేనే రెండుసార్లు చెప్పి చూశాను, వినేవాళ్ల మొహాల్లో నవ్వు చూసి ఊరుకున్నాను. అప్పటికి నాకు పెళ్లయి నాచారంలో ఉంటున్నాను. ఆదివారం చర్చి కాగానే అక్క వాళ్లింటికి వెళ్లి భోజనం చేసి సాయంత్రానికి తిరిగి రావడం మాకు అలవాటు.

అట్ట రంగు చాలదని పబ్లిషరు ఇంకో ఉపాయం చెప్పాడు. అభ్యాసాల్లో లెక్కలు అవే ఉంచి, అంకెలు మాత్రం మార్చమన్నాడు. అప్పుడు పాత పుస్తకం ఉన్నా హోంవర్కుకు పనికిరాదు. ఒక వేసవిలో బావ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఎర్ర పెన్నుతో ఇరవై ఐదును ముప్పై ఐదు చేసి, పదహారును పందొమ్మిది చేసి, వరుసగా దిద్దుకుంటూ పోయాడు. దిద్దిన పేజీలు ప్రెస్సుకు పోయాయి. పుస్తకం చివర ఉండే జవాబుల పేజీలు మాత్రం ప్రెస్సువాళ్లు పాతవే వేసేశారు. ఆ పేజీలను తిరిగి లెక్కకట్టి పంపాలన్న సంగతి బావకు తట్టలేదు, ప్రెస్సువాళ్లకు అసలే తెలియదు. ప్రశ్నలు కొత్తవి, జవాబులు పాతవి. కొన్నాళ్లపాటు ఎవరూ గమనించలేదంటే మీరు ఆశ్చర్యపోవచ్చు కానీ, లెక్కలు చెప్పినవాళ్లు ఆశ్చర్యపోరు. మన పిల్లలు లెక్క మొదలుపెట్టేది పైనుంచి కాదు, కిందనుంచి. ముందు వెనక పేజీ తీసి జవాబు చూసుకుంటారు, ఆ జవాబు దగ్గరికి చేరేదాకా మధ్యలో అంకెలను మెల్లగా సర్దుతారు. రాకపోతే తప్పు తమదే అనుకుంటారు గానీ, సార్ పుస్తకానిది అనుకోరు.

ఆ ఏడు ఇంటర్నల్ పరీక్షకు పేపరు బావ ఇచ్చాడు, దిద్దడం నా వంతు. ఆ పరీక్ష తప్పితే హాల్ టికెట్ ఆపుతారు, హాల్ టికెట్ ఆగితే ఏడాది పోతుంది. లెక్కలన్నీ పుస్తకంలోవే, కీ కూడా పుస్తకం వెనక పేజీలదే. దిద్దుతూ పోతుంటే క్లాసు క్లాసంతా ఒకే జవాబు రాసింది. ఒక్క పేపరులో మాత్రం ప్రతి లెక్కకూ జవాబు వేరేగా ఉంది. ఆ పేపరు పోచారం నుంచి వచ్చే ఒక అమ్మాయిది. పోచారం అంటే అప్పుడు ఐటీ కాదు, జొన్న చేలు. వాళ్ల నాన్న మా నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పనిచేసేవాడు. ఆ పిల్ల దగ్గర ఉన్నది మేనబావ చదివి ఇచ్చిన పాత పుస్తకం. అందులో అంకెలు వేరు గనుక, పరీక్షలో వచ్చిన లెక్కలు ఆమెకు అచ్చంగా కొత్తవి. చూసి రాయడానికి మనసులో ఏ జవాబూ లేదు. అందుకని చేసింది, అంతే.

కీ ప్రకారం వేస్తే ఆ పిల్లకు సున్నా. నేను టీ చల్లారిపోతున్నా పట్టించుకోక ఒక లెక్క చేసి చూశాను, ఆమె జవాబే వచ్చింది. రెండోది చేశాను, మళ్లీ ఆమె జవాబే. అప్పుడు మిగిలిన పేపర్లు మళ్లీ తీసి చూస్తే, ఒక్కొక్కరూ ఎక్కడ సర్దారో, ఏ వరుసలో ఏడును నాలుగు చేశారో కళ్లకు కట్టినట్టు కనిపించింది. నవ్వొచ్చింది, వెంటనే నీరసమూ వచ్చింది. ఇన్నేళ్లుగా మేము నేర్పింది ఇదా అనిపించింది.

ఆదివారం భోజనాలయ్యాక ఆ పేపరు బావ ముందు పెట్టాను. ఆయన చర్చిలో ఇచ్చిన ఆరాధన క్రమం కాగితం వెనక్కి తిప్పి, దాని మీదే లెక్క చేశాడు. చేసి, పెన్నుకు మూత పెట్టి, వక్కపలుకు నోట్లో వేసుకున్నాడు. కోప్పడతాడనుకున్నాను, అదే నయంగా ఉండేది.

"ఆ పిల్లది రైటే. ఆమెకు ఫుల్ మార్కులు వెయ్యి. మిగిలినోళ్లకు గూడ వెయ్యి మరదలా. పుస్తకంల ఉన్నదే రాసిన్రు గదా, ఆళ్లదేం తప్పు? ఎవరికి నష్టం జెప్పు?"

పాము చావకుండా కర్ర విరగకుండా తేల్చేశాడు. పిల్లలది తప్పు కాదన్న మాట నిజమే. ఆ అమ్మాయికి అన్యాయం జరగలేదన్నదీ నిజమే. అక్క పెరుగన్నంలో మామిడికాయ వేసుకోమని పిలుస్తుంటే వెళ్లి తిన్నాను. అందరికీ మార్కులు వేశాను, ఆ అమ్మాయి హాల్ టికెట్ ఆగలేదు.

మార్కులు నోటీసు బోర్డు మీద అంటించిన రోజు ఆ అమ్మాయి స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. నాది రైటా మేడం, వాళ్లది రైటా అని అడిగింది. నీదే రైటు అన్నాను.

"మరి నేనెందుకు జేసిన మేడం అదంత?"

అడగడంలో పొగరు లేదు, ఏడుపు లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఎవరికి నష్టమని బావ అడిగిన ప్రశ్నకు జవాబు ఆ గుమ్మంలో నిలబడి ఉంది. నేనేదో అన్నాను, బాగా చదువుకో అనో, ఇట్లాగే చేస్తూ ఉండు అనో. ఆ పిల్ల తలూపి వెళ్లిపోయింది. తర్వాత లెక్కలు సొంతంగా చేసిందో, అందరిలా వెనక పేజీ చూడడం నేర్చుకుందో నాకు తెలియదు.

తప్పు బయటపడింది గనుక దిద్దాలి, దిద్దాలంటే కొత్త ముద్రణ వేయాలి, వేసింది కొనాలి. మరుసటి జూన్‌కు సవరించిన ముద్రణ పసుపు అట్టతో తయారైంది. జూన్‌లో కాలేజీ తెరవగానే ఆ ఏటి పుస్తకాలు ఎంపిక చేయడానికి డిపార్ట్‌మెంట్ మీటింగు జరుగుతుంది. పబ్లిషరు పంపిన సమోసాలు, ఉస్మానియా బిస్కెట్లు వస్తాయి, హెడ్డు పుస్తకం పేరు చదువుతాడు, అందరం సరేనంటాం, చాయ్ తాగి లేస్తాం. ఎంపిక అనే మాటకు అంతకంటే అర్థముందని మాలో ఎవరికీ అనిపించలేదు. ఆ ఏడు బావ పేరు చదవగానే నేను లేచాను. ముందుగా ఏమీ అనుకోలేదు, ఇప్పటికీ ఆ ధైర్యం ఎక్కడిదో తెలియదు. ఎవరి పుస్తకం గురించి మాట్లాడుకుంటున్నామో వాళ్లు కాసేపు బయట కూర్చుంటే బాగుంటుంది సార్ అన్నాను. నాకైతే ఈ పుస్తకం ఏటా మార్చడం ఇష్టం లేదని, పాతది ఉన్నవాళ్లను పాతదే చదవనివ్వాలని కూడా అన్నాను. చేతిలో బిస్కెట్ ముక్క అట్లాగే ఉండిపోయింది.

ఎవరూ కదలలేదు. బావ మాత్రం లేచాడు, కుర్చీ వెనక్కి జరిపాడు, సరిగ్గనే అన్నది మేడం అని, వెళ్లి వరండాలో నిలబడ్డాడు. ఇంట్లో మరదలు, కాలేజీలో ఎప్పుడూ ఏకవచనం, ఆ రోజు మొదటిసారి మేడం అయ్యాను. ఆయన వెళ్లాక గదిలో అయిదుగురం మిగిలాం. అందులో ఒకాయనకు వచ్చే ముద్రణలో తన పేరు కూడా వేస్తారని ఆశ. ఒకావిడకు ఇంకా పర్మినెంటు కాలేదు. మిగతా ఇద్దరికీ గొడవలంటే పడదు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు, నలుగురూ పసుపు పుస్తకానికే చెయ్యెత్తారు. బావను లోపలికి పిలిచి చెప్పాం. ఆయన సంతోషించలేదు, నా వంకా చూడలేదు. వచ్చి కూర్చుని, చల్లారిన చాయ్ తాగాడు. మనిషిని గదిలోంచి పంపడం తేలికేనని, ఆయన ఇచ్చిన ఉద్యోగాలను, మా భయాలను పంపడం కుదరదని అప్పుడు తెలిసింది.

బావ ఆ తర్వాత నన్ను ఒక్క మాట అనలేదు. అన్నది అక్క. ఆ ఆదివారం నేను వెళ్తే గిన్నెలు సర్దుతూ, వెనక్కి తిరగకుండానే అంది.

"నాయిన వోయిన నాడు నీ పెట్టె మోసుకచ్చిన మనిషాయన. నలుగుట్ల బయట నిలవెట్టినవ్ గదనే చెల్లె."

ఆ మాటా నిజమే కదా. ఆదివారం భోజనాలు ఆగిపోయాయి. చర్చిలో ఎదురైతే ప్రైజ్ ద లార్డ్ అనుకునేవాళ్లం, అంతే. ఒకే బెంచీ మీద కూర్చున్న అక్కచెల్లెళ్లం మధ్యలో సంచులు పెట్టుకుని కూర్చున్న కాలం అది. మా అమ్మాయి పుట్టినప్పుడు గానీ అక్క మళ్లీ నా గడప తొక్కలేదు. బావ అప్పుడూ రాలేదు, గౌను కుట్టించి పంపాడు.

ఆయన రిటైరైన ఏడే పుస్తకం మారింది. కొత్త హెడ్డు తన పుస్తకం తెచ్చుకున్నాడు. పసుపు పుస్తకానికి చెయ్యెత్తిన ఆ చేతులే దీనికీ లేచాయి, ఎవరికీ ఇబ్బంది కలగలేదు. కొత్తదాంట్లో సగం బావదే, అంకెలు మార్చి. కొన్నాళ్లకు ఆ కాలేజీ కూడా మూతపడింది. ఇప్పుడక్కడ బట్టల షోరూము ఉంది.

బావ చివరి రోజుల్లో నేను తరచుగా వెళ్లేదాన్ని. మోకాళ్లు పట్టేసి ఆయన మేడ దిగడం మానేశాడు. ఒకరోజు సాయంత్రం పైన వరండాలో ఇద్దరమే కూర్చున్నాం. కింద మెట్రో పనుల చప్పుడు, అక్క లోపల ప్రార్థన పుస్తకం ముందేసుకుని కునుకు తీస్తోంది. ఆయన ఉన్నట్టుండి అడిగాడు.

"మరదలా, నా పుస్తకం మంచిగుండెనా?"

నేను ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"అందరు మంచిగుందనే అన్నరు. అనక ఏంజేస్తరు, నా చేతుల మార్కులుండె, నౌకర్లుండె. ఎవ్వరన్నా నమ్మబుద్ధి గాలే. నువ్వొక్కదానివే వద్దన్నవ్. అందుకే నిన్నడుగుతున్న."

ఇరవై ఏళ్లకు పైగా పిల్లల చేత కొనిపించిన పుస్తకం బాగుందో లేదో ఆ మనిషికి తెలియదు. తెలుసుకునే దారి ఆయనే మూసుకున్నాడు, అట్ట రంగులతో, రూళ్లతో. సైక్లోస్టైల్ కాగితాలప్పుడు పిల్లలు వాటిని తీసుకోవాలన్న రూలేమీ లేదు, అయినా వెంటపడి తీసుకునేవాళ్లు. అది ఒక్కటే ఆయనకు దక్కిన నిజమైన మెప్పు, అప్పుడది మెప్పని ఆయనకు తెలియలేదు.

"మొదటిది మస్తు మంచిగుండె బావా. గట్ల ఇంకెవ్వరు రాయలే" అన్నాను.

"తర్వాతయి?"

"తర్వాతయి వద్దుండె."

ఆయన తలూపాడు. మొహంలో బాధ కనిపించలేదు, చాలా కాలం మోసినదేదో దించినట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ ఏడే వానాకాలంలో పోయాడు.

నేనూ రిటైరై చాలా ఏళ్లయింది. ఉప్పల్ బజారులోనో, మెట్రో మెట్ల దగ్గరో నా దగ్గర చదివినవాళ్లు కనిపిస్తారు, నమస్తే మేడం, మీ క్లాసులు ఎంత బాగుండేవో అంటారు. వాళ్లందరి మార్కులూ ఒకప్పుడు నా చేతిలో ఉన్నవే. ఇప్పటి లెక్చరర్లకైతే పిల్లలు ఫోనులో నక్షత్రాలు పెడతారట, ఆ నక్షత్రాలను బట్టే జీతం పెరుగుతుందట, కాబట్టి పిల్లలు భయపడడం పోయి ఇప్పుడు లెక్చరర్లు భయపడుతున్నారట. ఎటు తిప్పినా నిజం చెప్పే మనిషి దొరకడం కష్టమే అయింది. నేను పాఠం బాగా చెప్పానా అని నాకూ ఒక్కోసారి అడగాలనిపిస్తుంది. నా క్లాసు బాగాలేదని నా మొహం మీద చెప్పిన మనిషి నా జన్మలో ఒక్కడే ఉండేవాడు. ఆ సాయంత్రం వరండాలో ఆయన అడిగాడు గానీ, నేను తిరిగి అడగలేదు.